పెద్దవాళ్ళ చిన్నతనం – పిల్లల నోటు పుస్తకాలు
(సంఘం వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం ఏటా చేసే పనులు మీకు తెలిసినవే. ఫీజు కట్టుకోలేని పిల్లలకు పుస్తకాలు, పేదింటి ఆడపిల్లల పెళ్ళికి కొంత సాయం, దిక్కులేని జనాజాకు కఫన్ ఖర్చు. వాటి జమాఖర్చులు కార్యదర్శిగారు చదువుతారు. మేము మనవి చేయవలసింది జమాఖర్చుల్లో ఒక్క పంక్తికి మించని పనిని గురించి. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో మన పేటల పిల్లలకు తలా ఒక గీతల నోటు పుస్తకం, ఒక పెన్ను ఇచ్చి, "మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, వాళ్ళు మీ అంత ఉన్నప్పుడు ఎట్లా ఉండినారో అడిగి రాసుకొని రండి" అని పంపినాము. దావత్‌లో ఒక పంక్తి భోజనానికయ్యే ఖర్చు కూడా కాలేదు.

ఈ పని ఎందుకు పెట్టుకున్నామంటే, కర్నూలు పాత ఊరివాళ్ళకు 2009 అక్టోబరు 2వ తేదీని గుర్తు చేయనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ ఒకటై ఊళ్ళోకి వచ్చినాయి. మిద్దెలు ఎక్కినవాళ్ళు ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్ళు తీసినాక కింది గదుల్లో ట్రంకు పెట్టెలు తెరిచి చూస్తే నికానామాలు, ఇంటి దస్తావేజులు, స్కూలు సర్టిఫికెట్లు, పెళ్ళిళ్ళ ఫోటోలు, తాతల నాటి ఉర్దూ ఉత్తరాలు అన్నీ కలిసి ఒక ముద్ద. చాలా ఇళ్ళలో ఆ ముద్దను బురదతో పాటే ఎత్తి పారబోసినారు. సర్కారు కాగితాలకు నకళ్ళు తెచ్చుకున్నాము. ఉత్తరాలకు నకళ్ళు ఎవరిస్తారు? అందులో ఉన్న సంగతులు తెలిసినవాళ్ళు కొందరు ఇప్పటికీ మన ఇళ్ళలో వసారా మంచం మీద కూర్చొనే ఉన్నారు. వాళ్ళకు ఎనభై దాటినాయి. వాళ్ళను పలకరించేది మందులు వేసుకున్నారా లేదా అని మాత్రమే.

పిల్లలు మొదటి వారం తెచ్చిన పుస్తకాలు చూస్తే అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. "మా తాత చాలా కష్టపడి చదువుకున్నాడు. పెద్దల మాట వినేవాడు. ఐదు పూటలా నమాజు చేసేవాడు. ఇప్పటి పిల్లలు ఫోను చూసి చెడిపోతున్నారు." ఇది తాత చిన్నతనం కాదు, మనవడికి ఇచ్చిన తఖ్రీరు. పెద్దవాళ్ళను "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే నూటికి తొంభైమంది ఇట్లాగే చెబుతారు, అది వాళ్ళ తప్పూ కాదు. అప్పుడు పిల్లలకు చిన్న చిన్న ప్రశ్నలు ఇచ్చినాము. పొద్దున లేస్తూనే ఏం తింటావుంటివి? ఎక్కడ పడుకొంటావుంటివి, పక్కన ఎవరు? ఈద్ నాడు జేబులో ఎంత ఉండె? ఎవరి చెట్టు కాయలు దొంగిలించినావు? ఎవరి చేత తన్నులు తిన్నావు? ఇంక చూసుకోండి, నోటు పుస్తకాలు చాలక రెండోది అడిగినారు.

ఆ పుస్తకాల్లో ఉన్నవి కొన్ని చెబుతాము. దాదాపు అందరూ చెప్పింది జొన్నరొట్టె, కొర్రన్నం. వరి అన్నం పండుగనాడు. తుంగభద్రలో ఎండాకాలం ఇసుక తవ్వి చెలమ తీసి, ఊరిన నీళ్ళు చెంబుతో ముంచి కడవ నింపుకొనే పని ఆడపిల్లలది. రంజాన్ నెలలో సహర్‌కు ఫకీరు లాంతరు పట్టుకొని, డఫ్ వాయించుకుంటూ, ఇంటింటి యజమానినీ పేరు పెట్టి పిలిచి లేపేవాడు. తన తండ్రి పేరు పిలిచినాకనే లేవాలని ఒక ముసలాయన, అప్పటి పిల్లవాడు, మెలకువ వచ్చినా కళ్ళు మూసుకొని పడుకొనేవాడట. ఈదీ అంటే ఒక బేడ. బేడ అంటే రెండణాలని, కానీ అంటే అణాలో నాలుగోవంతు అని పిల్లలు పక్కన అర్థాలు రాసుకున్నారు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు అణాకు ఆరు పైసలా, ఆరుంబావా అని అంగడి ముందర జరిగిన తగాదాలను ఒక అవ్వ నటించి చూపించిందట.

దూదేకుల ఇంటి పిల్లవాడు వాళ్ళ జేజిని అడిగి రాసింది మాకు చాలా నచ్చింది. వాళ్ళ జేజినాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని పల్లెలకు పోయేవాడు. నరంతో చేసిన ఆ తాడును కొయ్య గుండుతో కొడితే వచ్చే చప్పుడు వినే వీధిలో ఆడవాళ్ళు పాత పరుపులు బయటికి తెచ్చేవాళ్ళు. ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమ్మలు, మీసాలు తెల్లగా ఉండేవి. "మా నాయన ఎప్పుడూ ముసలివాడేనని అనుకొంటి. ఒకనాడు నీళ్ళు పోసుకొని వచ్చినాక చూస్తే నల్ల మీసం" అని జేజి చెప్పింది. పిల్లవాడు విల్లు బొమ్మ కూడా వేసినాడు. బొమ్మలో తాడు ఎటువైపు ఉండాలో జేజి దిద్దింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చేదాకా మూడేళ్ళు ఇక్కడే. కచేరీలకు భవనాలు చాలక డేరాలు వేసినారని పుస్తకాల్లో చదివినాము. అయితే ఆ డేరాల దగ్గర వేయించిన శనక్కాయలు అమ్మిన ఎనిమిదేళ్ళ పిల్లవాడు మన పేటలోనే ఉన్నాడని మనవరాలు రాసినాకనే తెలిసింది. "ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారిని చూసినావా జద్దూ?" అని అడిగింది ఆ పాప. "ఆయన్ను చూడలేదు. ఆయన కారు లేపిన దుమ్ము మాత్రం తింటి" అన్నాడు. గుమాస్తాలు శనక్కాయలు కొని, పొట్టు సర్కారు కాగితాల మీద ఊదేవాళ్ళట. ఏ చరిత్రకారుడు రాస్తాడండీ ఈ సంగతి?

వయసు తేల్చుకోవడం ఇంకో సంబరం. మన పెద్దవాళ్ళలో సగం మందికి పుట్టినరోజు జూలై 1. బడిలో వేసేనాడు అయ్యవారు పిల్లవాడి ఎత్తు చూసి రాసిన తేదీ అది. ఆడవాళ్ళకు అదీ లేదు. ఒక దాదీ "నేను పుట్టిన ఏడు రంజాన్ మండుటెండల్లో వచ్చిందని మా అమ్మీ చెప్పేది" అన్నది. పదో తరగతి మనవడు లెక్క వేసినాడు. చాంద్ మాసాలు ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతాయి, ముప్ఫై మూడేళ్ళకు అటూ ఇటూగా అదే రుతువుకు వస్తాయి. రంజాన్ మే నెలలో మొదలైంది 2018లో, అంతకుముందు 1986లో, అంతకుముందు 1953లో. దాదీ 1986లో పుట్టి ఉండదు గనుక 1953 ప్రాంతం. ఆ దాదీ చాలా సంతోషించి, "అంటే నేను మీ తాత చెప్పినంత ముసలిదాన్ని కాను" అన్నదట. ఇట్లాగే స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 శుక్రవారం రంజాన్ నెల ఆఖరి జుమా. ఆ నాడు ఉపవాసంతో జెండా చూడడానికి పోయి, పంచిన మిఠాయి తినలేక రుమాలులో కట్టుకొని ఇఫ్తార్ దాకా కాపలా కాసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. మిఠాయి పేరు ఆయనకు జ్ఞాపకం లేదు. చీమలు పట్టినాయని మాత్రం జ్ఞాపకం.

ఇవన్నీ పిల్లల ఆటలు, దీనికి సంఘం ఎందుకని ఒకరిద్దరు అన్నారు. వాళ్ళకు మా జవాబు ఇది. షమాయిలె తిర్మిజీ గ్రంథంలో ఒక రివాయత్ ఉంది. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వారు పరమపదించేనాటికి మనవడు హజ్రత్ హసన్‌కు ఏడెనిమిదేళ్ళే. తరువాత ఆయన తన మేనమామ హింద్ బిన్ అబీ హాలాను, అంటే హజ్రత్ ఖదీజా గారి మునుపటి భర్త సంతానాన్ని, తాతగారు ఎట్లా ఉండేవారో చెప్పమని అడిగినారు. ఆ మామయ్య వర్ణించి చెప్పడంలో దిట్ట. ముఖం, నడక, మాట తీరు అన్నీ చెప్పినారు. హసన్ ఈ సంగతి తమ్ముడు హుసేన్‌కు చెప్పకుండా కొన్నాళ్ళు దాచుకున్నారు. తీరా చెప్పబోతే తమ్ముడు అప్పటికే మామయ్యను అడిగేసి, పైగా తండ్రి హజ్రత్ అలీని తాతగారు ఇంట్లో ఎట్లా మెలిగేవారో కూడా అడిగి తెలుసుకొని ఉన్నారు. అన్నదమ్ముల పోటీ కూడా కనిపిస్తుంది చూడండి ఇందులో. ఒక మనవడు మామను అడిగినందుకే ఆ వర్ణన మనదాకా వచ్చింది.

హదీసు విద్యలో ఎవరు చెప్పినారు, ఎవరి దగ్గర విన్నారు అన్న ఇస్నాద్ లేకుండా మాట చెల్లదు. పిల్లలకు అదే పద్ధతి పెట్టినాము. ప్రతి పేజీ పైన చెప్పినవారి పేరు, వరస, చెప్పిన తేదీ. కళ్ళారా చూసింది అయితే "చూసినారు" అని, వినికిడి అయితే "ఫలానావారి దగ్గర విన్నారు" అని. దీనివల్ల ఒక ఇంట్లో తాత చెప్పిన పులి కథ ఆయన చూసింది కాదు, వాళ్ళ తాత చూసింది కూడా కాదు అని తేలిపోయింది. కథ మాత్రం బాగుంది, ఉంచినాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వాళ్ళ నానీని అడిగింది. నానీ రోజూ ఫజర్ తరువాత ఖురాన్ తిలావత్ చేస్తుంది. ఉర్దూ కూడా కూడబలుక్కొని చదువుతుంది. పింఛను కాగితం మీద మాత్రం వేలిముద్ర. "చదవడం వచ్చిన దానివి, రాయడం ఎందుకు రాలేదు నానీ?" అని ప్రశ్న. జవాబు ఆ అమ్మాయి రాసుకున్నది రాసుకున్నట్టే చెబుతున్నాము. "నాకు పలక ఇయ్యలేదు బిడ్డా. ఆడపిల్లకు రాత వస్తే ఉత్తరాలు రాస్తుందని మా అబ్బా భయం. ఉస్తానీ వేలు పెట్టి హర్ఫ్ చూపిస్తే చదువుతావుంటి. మా తమ్మునికి పలక ఉండె. వాడు రాస్తావుంటే నేను పొయ్యి కాడ బూడిదలో వేలితో రాస్తావుంటి. అమ్మీ చూస్తే చేత్తో చెరిపేసేది. అమ్మీ తిట్టలేదు, చెరిపేసేది అంతే." కింద ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న రాసింది. బూడిదలో ఏం రాస్తావుంటివి? "మీమ్. నా పేరులో మొదటి అక్షరం."

ఇది వసారాలో కూర్చొని వింటున్న నానా, "ఇంటి సంగతులు బయట పెట్టేదానికా నీకు నోటు పుస్తకం ఇచ్చింది? ఆ కాగితం చించెయ్" అన్నాడు. అమ్మాయి చించలేదు, చించాలా వద్దా అని మా దగ్గరికి వచ్చింది. వద్దన్నాము. నానాగారితో కూడా మాట్లాడినాము. ఆయన మంచి మనిషి, మామగారి పరువు కాపాడుతున్నానని ఆయన ఉద్దేశం. అయితే మాకు అర్థం కానిది ఒకటుంది. ఆ మామగారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ దీన్ నుంచి మాత్రం రాలేదు. షిఫా బిన్తె అబ్దుల్లా అనే సహాబియా హజ్రత్ హఫ్సాకు రాయడం నేర్పిన సంగతి అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. మన ఇళ్ళలో ఆ కాలపు ఆడవాళ్ళు ఎందరు చదవగలిగి రాయలేకపోయినారో, ఆ కారణం చేత ఎందరు పుట్టింటికి ఒక ముక్క రాసుకోలేక వేరొకరి చేత రాయించుకుంటూ సగం సంగతులు మింగేసినారో అడిగితే గాని తెలియదు. ఆ అమ్మాయి నానీకి సంతకం నేర్పుతోందా అని ఒక సభ్యుడు అడిగినాడు. లేదు. నేర్పబోతే "ఇంక నాకెందుకే, నువ్వు రాసుకో" అన్నదట. నానా కూడా పేజీ చించమని మళ్ళీ అనలేదు.

ఇంకొక తగాదా పీర్ల పండుగది. పల్లెలో పెరిగిన ఒక తాత తన చిన్ననాటి సంతోషమంతా అందులోనే చెప్పినాడు. చావిడి ముందు గుండం తవ్వడం, రాత్రంతా మంటల చుట్టూ ఆట, రెడ్లు, బోయలు, మన వాళ్ళు కలిసి పీర్లను ఎత్తుకోవడం, మలీదా పంచడం. పిల్లవాని తండ్రి ఇది దీన్‌లో లేనిది, పుస్తకంలో రాయవద్దని పట్టుబట్టినాడు. ఈ వేదిక ఫత్వాలిచ్చే వేదిక కాదు, ఆ పని ఉలమాలది. మా మనవి ఒక్కటే. చేయమని రాయడం వేరు, చేసినారని రాయడం వేరు. ఏడేళ్ళ పిల్లవాడు నిప్పుల వెలుగులో తండ్రి భుజం మీద కూర్చొని చూసింది జరగలేదని మనం చెప్పలేము కదా. తండ్రి ఇప్పటికీ ఒప్పుకోలేదు. పేజీ పుస్తకంలోనే ఉన్నది.

అన్నీ రాయించాలన్నది కూడా మా ఉద్దేశం కాదు. నదికి ఆ ఒడ్డున ఆలంపురం, గద్వాల అప్పట్లో నిజాం రాజ్యంలోవి, ఈ ఒడ్డు మద్రాసు రాష్ట్రం. అక్కడ హాలీ సిక్కా, ఇక్కడ కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు కల్దారు రూపాయలు. ఆ ఒడ్డున పుట్టి ఈ ఒడ్డుకు కోడలుగా వచ్చిన ఒక దాదీకి 1948 సెప్టెంబరులో ఏడేళ్ళు. ఆ నెల 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్య మాట మనవడు పాఠంలో చదివినాడు గనుక అడిగినాడు. రాత్రిపూట పుట్టిలో నది దాటినామని, తాను ఒక కోడిపెట్టను చంకలో పెట్టుకొని అది అరవకుండా ముక్కు పట్టుకున్నానని చెప్పింది. ఎందుకు దాటినారు, వెనుక ఎవరు మిగిలినారు అంటే, "అది వద్దులే నాయనా" అన్నది. పిల్లవాడు కింద "దాదీ చెప్పలేదు" అని రాసి మిగతా పేజీ ఖాళీగా వదిలినాడు. మేము ఆ ఖాళీని అట్లాగే ఉంచమన్నాము. చరిత్ర కావలసినవాళ్ళకు గ్రంథాలున్నాయి. ఆమె నోరు తెరిపించే హక్కు మనకు లేదు. ఆ పిల్లవాడు రెండోసారి అడగకుండా పక్కన కూర్చున్నాడని విని మాకు సంతోషం కలిగింది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో దూరి "అది కాదు మామా, అప్పుడు మీరు ఆదోనిలో కదా" అని దిద్దవద్దు. తేదీ తప్పితే తరువాత సరి చేసుకోవచ్చు, తెగిన మాట మళ్ళీ అంటదు. కోడళ్ళు అత్తగారి తరఫున జవాబులు చెప్పవద్దు. ఆ పని ఎక్కువగా చేస్తున్నది కొడుకులే అని కూడా చెప్పక తప్పదు. పిల్లలు దక్కనీ మాటలను తెలుగు అక్షరాల్లో రాస్తే రాయనివ్వండి. దాదీ "హౌ" అంటే "హౌ" అనే, "నక్కో" అంటే "నక్కో" అనే ఉండాలి, దాన్ని బడి భాషలోకి మార్చవద్దు. ఫోనులో గొంతు పట్టుకోవడం మంచిదే, రేపు ఆ గొంతు వినాలనిపిస్తుంది. అయినా రాయడం మానవద్దు. ఫోను మారినప్పుడల్లా ఏం పోయిందో మనకు తెలుసు. ఇక వేళ. ఇబ్నె అబ్బాస్ గారు పదమూడేళ్ళ వయసు నుంచి పెద్ద సహాబాలను అడిగి నేర్చుకున్నవారు. మధ్యాహ్నం వాళ్ళు కునుకు తీస్తుంటే తలుపు తట్టకుండా, గడప దగ్గర దుప్పటి తలకింద పెట్టుకొని దుమ్ములో కాచుకొని ఉండేవారట. మన పిల్లలకు ఇంత కష్టం లేదు. అసర్ తరువాత, టీ అయినాక, వెలుతురు ఉండగా అడిగితే చాలు. పెద్దవాళ్ళు అలసిపోతే ఆపేయాలి. అదే సంగతి రెండోసారి చెబితే రెండోసారీ రాసుకోవాలి. రెండింటికీ తేడా ఉంటే అక్కడే ఇంకో ప్రశ్న దొరుకుతుంది.

మరొక సంగతి. కొందరి ఇళ్ళలో పెద్దవాళ్ళు లేరు. అటువంటి పిల్లలు పక్కింటి బడీ అమ్మీ దగ్గరికి పోయినారు. సొంత మనవలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉన్న ముసలివాళ్ళు ఎంత సంతోషించినారో మేము చూసినాము. 1995లో ఓడల మీది హజ్ యాత్ర ఆగిపోకముందు బొంబాయి నుంచి జిద్దాకు ఓడలో పోయివచ్చిన ఒక బడీ అమ్మీ, వేరే ఇంటి పాపకు ఆ సముద్రం సంగతి చెప్పడానికి మూడు సాయంకాలాలు తీసుకున్నది. చిన్నతనం అడిగితే హజ్ చెబుతున్నావేమని పాప అంటే, "ఆ ఓడ ఎక్కినప్పుడే నేను మళ్ళీ చిన్నపిల్లనైతిని" అన్నదట.

నోటు పుస్తకాలు నింపి తెచ్చినవాళ్ళకు నకలు తీయించి, అసలు పుస్తకం ఆ ఇంటికే తిరిగి ఇచ్చినాము. నకళ్ళు సంఘం కార్యాలయంలో మేడ మీది గదిలో, నేలకు దూరంగా, ఇనుప బీరువాలో ఉన్నాయి. ఇంటివారు ఒప్పుకోని పేజీలు విడిగా కవరులో ఉంచి అంటించినాము. అవి ఎప్పుడు తెరవాలో ఆ ఇంటివారే చెప్పాలి. పుస్తకాలు ఇంకా కావలసిన పిల్లలు ఆదివారం జొహర్ నమాజు తరువాత కార్యాలయానికి రావచ్చు. పేరు, తరగతి, అడగబోయే పెద్దవారి వరస చెబితే చాలు. ఈసారి పెన్నులు నీలం సిరావే తెప్పించినాము, పోయినసారివి కారుతున్నాయని పిల్లలు ఫిర్యాదు చేసినారు.